పదకొండు మోరీలు

మత్తయ్య ఒకసారి బిగించిన కమానుకు మళ్లీ చెయ్యి పెట్టడు. విరిగితే వేరే సంగతి. పని కుదరలేదని తిరిగి విప్పిన బండి మాత్రం ఇరవై ఏళ్లలో ఒక్కటీ లేదు. వికారాబాదు రైలు గేటు పక్కన, రేకుల కొట్టంలో అతని పని. లారీలకూ బస్సులకూ జట్కాలకూ బరువు మోసే ఉక్కు పట్టాల కట్టను అందరూ కమాను అంటారు. దాన్ని విప్పి, పట్టాలు విడదీసి, వంపు సరిచేసి, మళ్లీ బిగించి పంపుతాడు. రైలు గేటు వేసి తీసే మొగులప్ప, ఆగిన ప్రతి లారీ డ్రైవరుకూ ఈ ఇరవై ఏళ్ల సంగతి చెప్పేవాడు. మత్తయ్య విననట్టే సుత్తె ఆడించేవాడు. వినడం మాత్రం ఒక్కనాడూ మానలేదు.

అరవై ఒకటో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. ఒక సోమవారం పొద్దున ఆ కొట్టం ముందు ఆకుపచ్చ రంగు విలాయతి కారు ఒకటి వచ్చి ఆగింది. పైకప్పు లేదు. ఉన్నవి రెండే సీట్లు. ముందు భాగం ఇంత పొడుగు, వెనక ఏమీ లేదు. తాండూరులో పప్పు మిల్లు ఉన్న కస్తూరమ్మ గారి కొడుకు సోమేశ్వర్ అందులోంచి దిగాడు. దిగాడు అనడం తేలిక. నెయ్యి అన్నం మీద పెరిగిన మనిషి, తొంభై అయిదు కిలోలకు తక్కువ ఉండడు. ముందు ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, తర్వాత తక్కినదంతా బయటికి తెచ్చుకున్నాడు.

“మత్తయ్యా, కారును కిందికి దించాలె. భూమికి దగ్గరగ కావాలె” అన్నాడు.

మత్తయ్య సుత్తె కింద పెట్టాడు. ఇన్నేళ్లలో బండి కుంగింది, పైకి లేపమని వచ్చినవాళ్లే గాని, బాగున్న బండిని కుంగదీయమని వచ్చిన మనిషిని చూడటం ఇదే మొదలు.

“ఎందుకు సేటు? మంచిగనే ఉన్నది గద.”

“వచ్చే ఐతారం హైదరాబాదు అవతల పందెం ఉన్నది. పాడువడ్డ విమానాల మైదానం. మూల తిరిగేటప్పుడు కారు పక్కకు ఒరుగుతున్నది. కిందికుంటే ఒరగదట. పట్నంల గ్యారేజోడు, రెండేసి పట్టాలు తీసి పారేస్త, అదే దిగుతదన్నడు.”

“తీస్తే దిగుతది, అబద్ధం కాదు. కానీ మెత్తగైతది. మెత్తగైతే ఇంకింత ఒరుగుతది. పట్టాలన్నీ ఉండాలె, వంపు తగ్గాలె. అప్పుడు కారు దిగుతది, గట్టిగ గూడ ఉంటది.”

సోమేశ్వర్ మొహం వెలిగిపోయింది. “అందుకే నీ తానికి వచ్చిన.”

“జర ఆగు సేటు. మైదానం సంగతి చెప్పిన. మరి రోడ్డు? తాండూరు దాక వాగులు, కాలువల మీద పదకొండు మోరీలున్నయి. మోరీ మోరీ కాడ రోడ్డు ఎద్దు మూపురం లెక్క లేస్తది. నేను మూడు వేళ్లు దించినననుకో, కారు పొట్ట గా మూపురానికి తగుల్తది.”

“రోడ్డు సంగతి నేను చూసుకుంట. నువ్వు దించు, నాకు గదే గావాలె.”

కారు ఆయనది. అడిగింది చేసి ఇవ్వడం పనివాడి ధర్మం. మత్తయ్య ఇంక వాదించలేదు. సోమేశ్వర్‌ను మళ్లీ సీట్లో కూర్చోబెట్టి, తాను నేల మీద పడుకుని, పొట్టకూ నేలకూ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో నాలుగు చోట్లా చూసుకున్నాడు. మనిషి బరువంతా కుడి పక్కన పడుతోంది. ఎడమ సీటు ఖాళీ. పందెంలో ఒక్కడే కూర్చుంటాడు కాబట్టి కుడి కమాన్లకు గింజంత వంపు ఎక్కువ ఉంచాలనుకున్నాడు. జట్కా తోలేవాడు ఒక పక్కకే కూర్చుంటాడు కదా, జట్కా కమాన్లకు అతను ఎప్పుడూ చేసే పనే అది.

మూడు రోజులు పట్టింది. కారును చెక్క దిమ్మల మీద నిలబెట్టి నాలుగు కమాన్లూ విప్పాడు. మురికి కడిగి, ఒక్కొక్క పట్టానూ తాండూరు బండ మీద పెట్టి, దాని అసలు వంపు సుద్దముక్కతో గీశాడు. ఆ గీతకు కింద కావలసిన వంపు ఇంకో గీత. అతని భార్య శాంతవ్వ కొంగు నడుముకు చుట్టి పటకారుతో పట్టా పట్టుకుంది. ఆ ఆలుమగలు మాట్లాడుకోకుండానే పని చేస్తారు. ఆమె పట్టాను వేలెడు జరిపేది, అతను కొట్టేవాడు. ఆమె తిప్పేది, అతను కొట్టేవాడు. నిప్పు జోలికి పోలేదు. కాలిస్తే ఉక్కు ప్రాణం పోతుందని మత్తయ్య నమ్మకం. చల్లటి పట్టాను చిన్న చిన్న దెబ్బలతో ఒప్పించాలి. గట్టిగా ఒక్కటి వేస్తే వంగుతుంది గాని, నెల తిరగకముందే అలిగి పాత దారికి పోతుంది.

“మంచి వంపు పాడు చేస్తున్నవ్” అంది శాంతవ్వ మూడో రోజున.

“పాడు చేస్తలేను. వేరేదానికి తయారు చేస్తున్న” అన్నాడు. ఆమె మూతి తిప్పింది. అతనికీ పూర్తిగా మనసొప్పిన పని కాదు అది. అయినా గ్రీజు పూసి, పట్టాలు కట్టి, బోల్టులు బిగించి దిమ్మలు తీశాక ఆ కారు నేలకు ఆనుకుని కూర్చున్న తీరు చూస్తే మాత్రం అతనికి ముచ్చటేసింది. ఉరకబోయే ముందు కుందేలు నక్కినట్టుంది. సోమేశ్వర్ చిన్నపిల్లాడిలా దాని చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు.

ఐదుగురు పోటీ పడ్డ పందెంలో సోమేశ్వర్‌ది మూడో స్థానం. ఆ మాట తాండూరులో ఎలా పెరిగిందో గాని, మొగులప్ప దాకా వచ్చేసరికి బొంబాయి నుంచి వచ్చిన ముప్పై కార్లను ఓడించాడని తేలింది.

పందెం అయిపోయాక వచ్చిన మంగళవారం మత్తయ్య చెక్క దిమ్మల కోసం ఎడ్లబండి మీద ధారూరు దిక్కు వెళ్లాడు. తిరిగి వస్తుంటే మిట్టమధ్యాహ్నమైంది. దూరంగా మోరీ దగ్గర ఆకుపచ్చ కారు ఆగి ఉంది. సోమేశ్వర్ రోడ్డు మీద మోకాళ్ల మీద వంగి కారు కింద చూస్తున్నాడు. అతని భార్య ఇందిరమ్మ ఎండలో నిలబడి ఉంది. వికారాబాదు ఆమె పుట్టిల్లు. మంగళవారం మంగళవారం తల్లిని చూడటానికి వస్తుంది. పట్టు చీర కుచ్చిళ్లు చేత్తో ఎత్తి పట్టుకుని, కాళ్లు కాలుతుంటే ఒక పాదం మీంచి ఇంకో పాదం మీదికి మారుతోంది. చెరకు గడలా సన్నటి పిల్ల.

మత్తయ్య పగ్గం లాగి ఎడ్లను ఆపాడు. కారు బరువు తగ్గితేనే మోరీ దాటుతుంది. అందుకని ఆడకూతుర్ని దింపి నడిపిస్తున్నాడన్న మాట. ఒకటి కాదు, పదకొండు మోరీలు. పదకొండు సార్లు దిగడం, ఎర్రటి ఎండలో నడవడం, మళ్లీ ఎక్కడం. చేలల్లో వాళ్లంతా చూస్తుంటారు. ఆ పిల్ల తనను చూసి సిగ్గుపడకూడదని అతను తల పక్కకు తిప్పుకున్నాడు. ఎడ్లను చేను గట్టు మీంచి మళ్లించి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. వెనక కారు కదిలిన చప్పుడు వినిపించింది. సగంలో గియ్యిమని అరిచి, ఆగి, మళ్లీ కదిలింది.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గాని ముద్ద దిగలేదు.

“ఏమైంది?” అంది శాంతవ్వ.

చెప్పాడు. “నా చేతులతోని జేసిన పని శాంతవ్వా. గా పిల్ల ఒక్కొక్క మోరీ కాడ దిగుతుంటే నన్ను తిట్టుకోకుండ ఉంటదా?”

“దిగి నడిచిందా? చూసినవా?”

“ఏం చూడాలె? తల తిప్పుకున్న.”

“పూర్తిగ చూడకుండ ఫికర్ ఒకటి” అని ఆమె ఇంకొంచెం పులుసు పోసింది. అయినా అతనికి ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎవరి నడుమైనా నొవ్వకుండా ఉండాలనే కదా కమాను కనిపెట్టింది. దాన్ని పట్టుకుని తాను ఒక ఆడపిల్లను ఎండలో నిలబెట్టాడు.

రెండు రోజుల తర్వాత సోమేశ్వర్ భార్యను పుట్టింట దింపి, ఒక్కడే కారు తెచ్చాడు, గ్రీజు పెట్టించడానికి. మత్తయ్య గ్రీజు డబ్బా ముట్టుకోలేదు.

“పందెం అయిపాయె గద సేటు. కారు మళ్లీ లేపుత, రోడ్డుకు తగ్గట్టు.”

“వద్దులే. వానలు పోయినంక ఇంకో పందెం ఉన్నది.”

“అప్పటిదాక ఆరు నెలలున్నది. అప్పుడు మళ్లీ దించుత. గిప్పుడు నడిచేది రోడ్డు మీద గద.”

సోమేశ్వర్ మెడ గోక్కున్నాడు. “ఇందిరను అడిగి చెప్త.”

మత్తయ్యకు చర్రుమని కోపం వచ్చింది. షావుకార్ల ఇళ్లలో ఏ పనికి ఆడవాళ్లను అడుగుతారో అతనికి తెలియదా? అడుగుతాడట! “గా తల్లినేమడుగుతవ్ సేటు? ధారూరు మోరీ కాడ నేను కండ్లార చూసిన. ఎర్రటి ఎండల రోడ్డు మీద నిలవెట్టినవ్. నీ ముచ్చటకు ఆమె కాళ్లు కాలాల్నా? పెద్దింటోనివి, నేను అనొద్దు. కానీ కమాన్లు నేను జేసిన, గందుకే అంటున్న.”

అన్నాక గాని తానెవరితో ఏమన్నాడో తెలియలేదు. శాంతవ్వ కొట్టంలో పటకారు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. గేటు వేసి ఉంది. మొగులప్ప, ఇద్దరు లారీ డ్రైవర్లు ఇటే చెవులు పెట్టారు. సోమేశ్వర్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. వాళ్ల వైపు చూసి మూశాడు. చెవులు రెండూ ఎర్రబడ్డాయి.

“సరే” అన్నాడు చివరికి. “లేపు.”

తప్పు తెలుసుకున్నాడు, మంచి మనిషే, అనుకున్నాడు మత్తయ్య. ఆ రెండు రోజులూ అతను చేసినంత శ్రద్ధగా పెళ్లి పనులు కూడా ఎవరూ చేయరు. బండ మీద అసలు వంపు గీతలు చెరిగిపోలేదు. ఒక్కొక్క పట్టానూ ఆ గీతకు తెచ్చాడు. ఇద్దరు కూర్చున్నా కుంగకుండా ఎడమ పక్కకు కూడా అర వేలు కలిపాడు. ఆ సీటు ఇక ఆ పిల్లది. పదకొండు మోరీల మీదా పాదం కింద పెట్టకుండా పుట్టింటికి రావాలి. పట్టాల మధ్య గ్రీజు రాస్తూ ఈల వేశాడు కూడా. శాంతవ్వ నవ్వింది. కారు పోయాక మంగళవారం కోసం అతను ఎదురుచూసినంతగా ఇందిరమ్మ తల్లి కూడా చూసి ఉండదు.

మంగళవారం పది గంటలకు కారు వచ్చింది. సోమేశ్వర్ తోలుతున్నాడు. ఇందిరమ్మ ఎడమ సీట్లో, తల మీద కొంగుతో, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంది.

“ఎట్లున్నది సేటు? ఎక్కడన్న తగిలిందా?”

“ఎక్కడ తగల్లేదు. ఎక్కడ ఆగలేదు” అన్నాడు సోమేశ్వర్. ఆ మాటలో సంతోషం మాత్రం లేదు.

ఇందిరమ్మ భర్త వైపు తిరిగింది. “స్టేషన్ కాడ సోడా తెస్తరా? గొంతు ఎండుతున్నది.” ఆయన వెళ్లేదాకా చూసి, కారు దిగి, కొట్టం నీడలోకి వచ్చింది. శాంతవ్వ పీట వేసింది. ఆమె కూర్చోలేదు.

“కాకా, ఒక మాట అడుగుత. కోపం జెయ్యొద్దు” అంది.

“అడుగు తల్లీ.”

“మళ్లీ దించరాదు?”

మత్తయ్యకు అర్థం కాలేదు. “ఏంది?”

“కారు. ముందుగాల ఎట్లున్నదో గట్ల.”

“గట్లుంటే మోరీ మోరీ కాడ దిగాలె గదమ్మా. నేను చూసిన గద నిన్ను ఎండల.”

ఇందిరమ్మ కొంగు అంచును వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది. “దిగినంక ఏమైతదో చూసినవా కాకా?”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఇద్దరం కూసుంటే కారు తగుల్తది. నేను దిగి ఆయన తోలితే గూడ తగుల్తది. ఆయన బరువు నీకెర్కనే గద. ఆయన దిగి నేనొక్కదాన్ని కూసుంటెనే బొటనవేలంత లేస్తది, మోరీ దాటుతది. మొదటి రోజు వేరే దారి లేక ఆయన నన్ను కుడి సీట్ల కూసోవెట్టిండ్రు. ఇది తొక్కు, ఇది మెల్లగ ఇడువు అని చెప్పుకుంట ముందట వెనుకకు నడిచిండ్రు. మూడుసార్లు బందువడ్డది. నాలుగోసారి దాటించిన.” ఆమె తల ఎత్తింది. కళ్లు మిలమిలా మెరుస్తున్నాయి. “పదకొండు మోరీలు కాకా. పోంగ పదకొండు, రాంగ పదకొండు. మొన్న ధారూరు మోరీ దాటించినంక ఆపలే. ఫర్లాంగు దూరం పోయిన. ఆయన వెనుక ఉరికొచ్చిండ్రు.”

శాంతవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మరి సేటు ఉట్టిగనే నేర్పొచ్చు గదమ్మా” అన్నాడు మత్తయ్య. “రోడ్డు మీద నిన్ను తోలుమంటే ఎవరొద్దంటరు?”

“మా అత్తమ్మ వద్దంటది. మిల్లుల అందరు వద్దంటరు. తాండూరు కోడలు మోటరు తోలుతదా అని బజారు బజారంత ఆయన మొఖం మీదనే నవ్వుతది. కారు కింద తగుల్తది, గందుకే దాటించిందంటే ఎవరేమనలే. అత్తమ్మ గూడ, జాగ్రత్త బిడ్డా, మోరీల వడకు అన్నది, గంతే.” కొంచెం ఆగింది. “ఆయనకు ఇయ్యబుద్ధి కాక కాదు కాకా. అడగనీకి నాకు ధైర్యం లేదు, ఇయ్యనీకి ఆయనకు లేదు. మీ కమాన్లు మా ఇద్దరికి గా ధైర్యమిచ్చినయి. నువ్వు మంచికే లేపినవ్. కానీ ఇయ్యాల తాండూరు నుంచి ఈడిదాక ఒక్క మోరీ కాడ ఆగలే. నాకు ఏడుపొచ్చింది.”

మత్తయ్య నిలబడి ఉండగానే మొహం కందిపోయింది. ఆవేళ తల తిప్పుకోవడం పెద్ద మర్యాద అనుకున్నాడు. ఇంకో నిమిషం చూసి ఉంటే చాలు. ఆ పిల్ల కుడి సీట్లోకి ఎక్కడం కనిపించేది. పైగా సేటును నలుగురిలో ఎంతెంత మాటలన్నాడు! ఆయన నోరు తెరిచి మూసింది తప్పు తెలిసి కాదు. పెళ్లాం బండి తోలుతోందని మొగులప్ప ముందు చెప్పలేక.

అడిగింది చిన్న పనే. బిగించి వారం తిరగని కమాన్లను, విరగకుండానే, మళ్లీ విప్పాలి. ఎందుకు విప్పాడో మొగులప్ప అడుగుతాడు. లారీ డ్రైవర్లు అడుగుతారు. ఉన్న కారణం చెప్పే వీల్లేదు. చెబితే ఆ పిల్ల ముచ్చట బజారున పడుతుంది. చెప్పగలిగిన కారణం ఇంకొకటే ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరి చేతా అనిపించుకోని మాట అది.

సోమేశ్వర్ రెండు చేతుల్లో మూడు సోడాలు పట్టుకుని వచ్చాడు. భార్య మొహమూ మత్తయ్య మొహమూ చూసి అక్కడే ఆగిపోయాడు. గేటు దగ్గర మొగులప్ప జెండా చుడుతున్నాడు.

“సేటు” అన్నాడు మత్తయ్య, గేటు దాకా వినిపించేటట్టు. “నా చెయ్యి తప్పింది. లేపిన పని కుదరలే. మళ్లీ దించాలె.”

మొగులప్ప చేతిలో జెండా అలాగే నిలిచిపోయింది. సోమేశ్వర్ భార్యను చూశాడు. ఆమె నేల చూస్తోంది. ఆయన బుగ్గలు మెల్లగా, నవ్వు ఆపుకోలేనంతగా ఉబ్బాయి.

“నీ చెయ్యి తప్పుడేంది మత్తయ్యా...” అని మొదలుపెట్టి, గొంతు సర్దుకున్నాడు. “సరే మరి. తప్పినంక ఏం జేస్తం. దించు. ఎంత దించాల్నో అంత దించు.”

ఈసారి కొలతకు సోమేశ్వర్‌ను పిలవలేదు. “అమ్మా, నువ్వు కూసో. కుడి దిక్కు” అన్నాడు మత్తయ్య. ఆమె చక్రం మీద చేతులు పెట్టి, కాళ్లు పెడళ్లకు చాచి కూర్చుంది. అందడం కష్టంగా ఉంటే శాంతవ్వ గోనెపట్టా మడతపెట్టి వీపు వెనక దూర్చింది. మత్తయ్య నేల మీద పడుకుని వేళ్లు పెట్టి చూశాడు. ఆమె ఒక్కతి కూర్చుంటే మోరీ దాటాలి, పక్కన ఆయన ఎక్కితే తగలాలి. ఇంత కచ్చితమైన కొలత అతను ఏ లారీకీ కొలిచి ఎరుగడు. ఆ రెంటికీ మధ్య ఉన్నది చిటికెన వేలు మందమే.

ఆ వారమంతా మొగులప్ప గేటు దగ్గర కొత్త సంగతి చెప్పాడు. మత్తయ్య వింటూ సుత్తె ఆడించాడు. నొప్పి లేదంటే అబద్ధం. రెండో రోజు ఒక పట్టా మీద దెబ్బ పక్కకు పడితే శాంతవ్వ ఏమీ అనకుండా పటకారు సర్దింది.

కారు తయారైన రోజు మొదటి మోరీ దాకా తానూ వస్తానన్నాడు. పని సరిపోయిందో లేదో చూసుకోవాలి కదా. ముందే నడిచిపోయి మోరీ గోడ మీద కూర్చున్నాడు. కారు వచ్చి ఆగింది. సోమేశ్వర్ ఊపిరి బిగబట్టి, తనను తాను బయటికి తెచ్చుకున్నాడు. ఇందిరమ్మ ఎడమ పక్క దిగి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కారు ముందు నుంచి చుట్టి వచ్చి కుడి సీట్లో కూర్చుంది. కొంగు నడుములో దోపింది. మత్తయ్య ఈసారి తల తిప్పుకోలేదు. కారు మూపురం ఎక్కింది. పొట్ట కింద చిటికెన వేలంత వెలుతురు కనిపించింది. అవతలికి దిగింది. దిగి ఆగలేదు.

“ఇందిరా! ఓ ఇందిరా!” అని సోమేశ్వర్ వెంటపడ్డాడు. తొంభై అయిదు కిలోల మనిషి పరుగెత్తుతూ నవ్వుతున్నాడు. నవ్వితే పరుగు సాగడం లేదు.

సరిగ్గా అప్పుడే ఎదురుగా తాండూరు బస్సు వచ్చింది. మెల్లగా అయింది. కిటికీల నిండా తలలు. డ్రైవరు తల బయట పెట్టాడు. నెల కిందనే ఆ బస్సు కమాన్లు మత్తయ్య కట్టి ఇచ్చాడు.

“ఏందిది? ఆడమనిషి తోలుతున్నదేంది?”

సోమేశ్వర్ రోడ్డు మధ్యలో నిలబడి వగరుస్తున్నాడు. ముందు పోతున్న కారును చూశాడు, బస్సును చూశాడు. మత్తయ్య మోరీ గోడ దిగి రోడ్డు మీదికి వచ్చాడు.

“కారు కింద తగుల్తది భయ్!” అని గొంతెత్తి, బస్సులో చివరి సీటు వాడికి కూడా వినిపించేటట్టు చెప్పాడు. “కమాన్లు నేనే కట్టిన. పాడు జేసిన. బరువు మనిషి కూసుంటే నడువదు. గా అమ్మనే తోలాలె, ఇంకెవరితోని కాదు!”

డ్రైవరు నమ్మలేనట్టు అతన్ని కిందా మీదా చూసి, తన బస్సు చక్రాల వైపు ఒకసారి అనుమానంగా చూసుకుని, గేరు వేశాడు. తన పని గురించి ఇంత చెడ్డ మాట ఇంత సంతోషంగా మత్తయ్య ఎన్నడూ చెప్పుకోలేదు. దూరాన ఇందిరమ్మ కారు ఆపి, వెనక్కి తిరిగి, మొగుడి కోసం ఎడమ పక్క తలుపు తెరిచి పట్టుకుంది.